పదహారు చిల్లులు

నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. గాలి మాత్రం మంచి జోరుమీదుంది. పైన పన్నెండు చదరపు మీటర్ల గాలిపటం, దాని తాళ్లు నడుముకు బిగించుకున్న పట్టీకి, కాళ్ల కింద నాలుగున్నర అడుగుల పలక. పల్చటి నీటిమీద రివ్వున దూసుకుపోతున్నవాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. నిజానికి ఆగింది పలకే. అతను ఆగలేదు. రెండు గజాల ముందుకెగిరి బురదలో బోర్లా పడ్డాడు.

ఒడ్డున తండ్రి చూస్తూనే ఉన్నాడు. పంచె మీద కొడుకు స్వెట్టరు, తలకు మఫ్లరు. జులై నెలలో మఫ్లరేమిటని ఇక్కడివాళ్లకు అనిపించొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం పక్కన నిలబడితే తెలుస్తుంది. లోపలి లోయల్లో ఎండలు మండిపోతుంటాయి, ఆ వేడికి పైకి లేచిన గాలి జాగాలోకి సముద్రం మీది చల్లగాలి గోల్డెన్ గేట్ సందులోంచి తోసుకొస్తుంది. ఎండాకాలమంతా మధ్యాహ్నమయ్యేసరికి ఇదే తంతు. అలమీడా ఊళ్లోని క్రౌన్ బీచ్‌కి గాలిపటాలవాళ్లు చేరేది ఆ గాలికోసమే.

ఒళ్లంతా బురదతో వచ్చిన కొడుకుని ఆయన ‘దెబ్బ తగిలిందా’ అనడగలేదు. బోర్డు అందుకుని తిరగేశాడు.

‘‘ఏంట్రా ఇవి? చేపకున్నట్టు?’’

‘‘ఫిన్స్ నాన్నా. అవే నేలకి తగిలాయి.’’

‘‘తగలవూ మరి! నీళ్లెంత, ఇవెంత?’’

ఇది 2023 నాటి మాట. ఆ మాటతోనే మొదలైంది, ఫ్రీమాంట్‌లోని ఓ ఇంటి కారు షెడ్డులో అయిదు వారాలపాటు సాగిన పని.

కైట్‌బోర్డు ఆట మరీ పాతదేమీ కాదు. నీళ్లలో పడినా మళ్లీ లేచే, గాలి నింపిన గాలిపటానికి ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతం అన్నదమ్ములు, లెగైన్యూ సోదరులు పేటెంటు పెట్టింది 1984లో. అవి అమ్మకానికి వచ్చి జనంలోకి వెళ్లేసరికి తొంభైల చివరాఖరు. పలక కింద ఫిన్ మాత్రం అంతకంటే చాలా ముందుది. హవాయి దీవుల్లో వైకికీ తీరాన 1935లో టామ్ బ్లేక్ అనే అతను, ఎవరో వదిలేసిన స్పీడ్‌బోటు అడుగున ఉన్న లోహపు రెక్క ఊడదీసి తన సర్ఫ్‌బోర్డు కింద బిగించాడు. అంతవరకూ అలమీద ఎటుపడితే అటు జారిపోయే పలక, చెప్పినమాట వినడం మొదలుపెట్టింది. అంటే ఈ విద్యకు మూలపురుషుడు కూడా ఇంట్లో కూర్చుని మార్పులు చేసుకున్నవాడే!

అలమీడాలో పడ్డ మనిషి పలక రెండువైపులా ఒకేలా ఉండే రకం. చివరకి రెండు చొప్పున నాలుగు ఫిన్స్. ఒక్కోటి అయిదు సెంటీమీటర్ల ఎత్తు. పలకను నడిపేది ప్రధానంగా దాని అంచే, దాన్ని నీళ్లలోకి వాలుగా నొక్కిపట్టి వెళ్తారు. పలక చదునుగా పడ్డప్పుడు, గాలి లాగినవైపు అడ్డంగా జారిపోకుండా పట్టి ఉంచేవి ఈ ఫిన్స్. పొడుగువైతే పట్టెక్కువ, గాలికి ఎదురు వెళ్లడం సులువు. పొట్టివైతే పలక తేలిగ్గా తిరుగుతుంది, లోతులేనిచోట నేలకు తగలదు. ఆటుపోట్లను బట్టి నీళ్లు వెనక్కిపోయే క్రౌన్ బీచ్‌లో అదే అసలు సంగతి. పోటు మీదున్నప్పుడు అయిదు సెంటీమీటర్లు హాయి. ఆటు వచ్చిందంటే బురద, పైగా ఫిన్స్‌కి చుట్టుకునే సముద్రపు గడ్డి.

ఇదంతా కొడుకు చెప్పబోతే తండ్రి మధ్యలోనే ఆపాడు. ‘‘తెలుసులేరా. తెప్పకి తెరచాప ఎత్తాక పక్కకి పోకుండా దుంగల మధ్యలోంచి పలక దించేవోరు. ఒడ్డుకొచ్చేటప్పుడు పీకేసేవోరు. నువ్వు పీకలేదు. అంతే.’’

ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! కాకినాడ దగ్గర తాళ్లరేవులో ముప్ఫై ఏళ్లకు పైగా కర్రపడవలు కట్టిన మనిషి. ఆ పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1839 తుపానుకి ఊరే కొట్టుకుపోయినా పని మాత్రం చుట్టుపక్కల ఊళ్లలో మిగిలింది. టేకు పలకలు, మద్ది కర్ర, పలకల సందుల్లో పత్తి కూరి, పైన నూనెలో కాచిన గుగ్గిలం. తండ్రి చేతుల్లో ఆ గుగ్గిలం వాసన తెలియని రోజు చిన్నప్పుడు కొడుకు ఎరగడు. ఇప్పుడా చేతులు ఫ్రీమాంట్‌లో టీవీ రిమోట్ పట్టుకుని ఏప్రిల్ నుంచీ ఖాళీగా ఉన్నాయి.

కొడుకు పొట్టి ఫిన్స్ కొన్నాడు, సెకండ్‌హ్యాండ్‌లో. మూడు సెంటీమీటర్ల ఎత్తు. ఇంటికి తెచ్చి పెట్టి చూస్తే కూర్చోలేదు. ఒక్కో ఫిన్‌కి రెండు స్క్రూలు, బోర్డు పైనుంచి కిందికి దిగి ఫిన్ మొదట్లో ఉన్న మరల్లో బిగుసుకుంటాయి. ఆ రెండు చిల్లుల మధ్య దూరం ఒక్కో తయారీదారుది ఒక్కోరకం. పాత వాటికీ కొత్త వాటికీ అయిదు మిల్లీమీటర్ల తేడా. కొత్త బోర్డు కొనుక్కోవచ్చు. వందల డాలర్లు. మామూలు రోజుల్లో అయితే అతను ఆలోచించేవాడు కాదు.

ఆ రోజులు మామూలువి కావు. జనవరిలో పెద్దపెద్ద కంపెనీలు వేలమందిని తీసేసిన ఊపులో అతని ఉద్యోగమూ పోయింది. పోయేముందు తన పని ఎలా చేయాలో పూసగుచ్చినట్టు రాసి పెట్టమన్నారు, రెండు నెలలు కూర్చుని రాసిచ్చాడు. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి అరవై రోజుల్లో దేశం వదలాల్సిన గండం లేదు. భార్య ఉద్యోగం ఉంది. తండ్రికి టికెట్ అప్పటికే తీసేసి ఉంది, ఆయనకి చెప్పడమెందుకులే అనుకున్నారు. పొద్దున తొమ్మిదికల్లా లాప్‌టాప్ పట్టుకుని మేడమీద గదిలోకి వెళ్లి తలుపేసుకునేవాడు. ఇంటినుంచి పనిచేయడం కరోనా తర్వాత అందరికీ అలవాటే కాబట్టి ఎవరికీ అనుమానం రాదనుకున్నాడు.

‘‘చిల్లుని ఆకురాయితో కాస్త పొడుగు చేస్తే సరిపోతుంది నాన్నా. అయిదు మిల్లీమీటర్లేగా!’’ అన్నాడు.

‘‘సాగదీసిన చిల్లులో మేకు ఆగుద్దేంట్రా?’’

ఆయన బోర్డుని రెండు స్టూళ్లమీద పడుకోబెట్టి వేలి కణుపుతో కొట్టుకుంటూ వచ్చాడు. మధ్యలో ‘టక్ టక్’మంటోంది. ఒక చివర, ఎడమవైపు ఫిన్ దగ్గర మాత్రం ‘డబ్’మని మూగగా. మళ్లీ కొట్టాడు. మనవరాలిని పిలిచి దానిచేత కొట్టించాడు. ‘‘తాతా, ఇక్కడ వేరేగా ఉంది’’ అంది ఆ పిల్ల కూడా.

స్క్రూలు ఊడదీశారు. లోపల చిల్లు గోడలు నల్లగా ఉన్నాయి. పళ్లు కుట్టుకునే పుల్ల గుచ్చితే మెత్తగా దిగింది. బోర్డుకు పైనా కిందా గాజునార పొర, నడుమ కర్ర గుండె. నీళ్లు ఆ పొరలోంచి రావు. చిల్లులోంచి, స్క్రూ పక్క సందులోంచి వస్తాయి. ఏళ్ల తరబడి చుక్కచుక్కా తాగింది కర్ర. ఇంకో సీజన్ గడిస్తే ఆ చివర పొరలు విడిపోయేవి, అదీ అతను కాళ్లు బిగించుకుని గాలికి వేలాడుతున్నప్పుడు.

డ్రిల్‌తో వచ్చిన కర్రపొట్టును తండ్రి అరచేతిలో నలిపి చూశాడు. చాలా తేలిక. పౌలోనియా అని కొడుకు చెప్పాడు. ‘‘ఇదేదో మన పొనికి కర్రలాగుంది’’ అన్నాడాయన. కొండపల్లి బొమ్మలు చేసే కర్ర అది. ‘‘బొమ్మలకి బాగుంటది గానీ, నీళ్లలోకి దీన్నెందుకు పెట్టారో!’’

అక్కణ్నుంచి పని ఆయన చేతుల్లోకి వెళ్లిపోయింది. కొడుకు అడ్డుచెప్పలేదు. పాత ఎనిమిది చిల్లుల్నీ పన్నెండు మిల్లీమీటర్లకి వెడల్పు చేశారు, నల్లబడిన కర్రంతా పోయేదాకా. కొత్త ఫిన్స్‌కి ఇంకో ఎనిమిది చిల్లులు కావాలి. పాతవి పూడ్చేద్దామా? వద్దు, పోటున్నరోజు పొడుగు ఫిన్స్ కావాలి, ఆటున్నరోజు పొట్టివి. రెండూ ఉండాల్సిందే. మొత్తం పదహారు.

‘‘పదహారు చిల్లులు పొడిస్తే అది జల్లెడ అవుద్ది’’ అని ఆయన ఒక పూటంతా ఆలోచించాడు. కొత్త వరసను పాత వరస మీదే వేస్తే కర్ర ఒకే నారలో నాలుగు చిల్లులు పడతాయి. ఆ నారవెంట చీలిక వచ్చేస్తుంది. అందుకని అంచునుంచి ఒక అంగుళం లోపలికి జరిపి కొత్త వరస గీయించాడు. గీయడానికి కొడుకు లేజర్ లైటు తెచ్చాడు. ఆయన మనవరాలి రంగు సుద్ద అడిగి తీసుకుని, దారానికి పూసి, బోర్డు నడిమధ్యన ఆ కొసనుంచి ఈ కొసకి లాగి ఒక్క దెబ్బ కొట్టాడు. నీలిరంగు గీత. దాన్నుంచే అన్ని కొలతలూ. నాలుగు ఫిన్స్ ఆ గీతకు సమాంతరంగా లేకపోతే ఒకటి ఒకవైపు లాగితే ఇంకోటి ఇంకోవైపు లాగుతుంది. తర్వాత లేజర్ పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా లేదు. కొడుకు ఆ సంగతి పైకి అనలేదు గానీ, లేజర్ మాత్రం మళ్లీ పెట్టెలోంచి తీయలేదు.

తర్వాత వచ్చింది అసలు కష్టం. ఎదురుచూడటం. తడి కర్రలో ఎపాక్సీ పోస్తే తడిని లోపలే సమాధి చేసినట్టు. ఆరాలి. ఎన్ని రోజులు? ‘‘కర్రే చెబుద్ది’’ అంటే కొడుక్కి కోపం వచ్చింది. బయట బ్రహ్మాండమైన గాలి, సీజను జారిపోతోంది. అప్పుడు ఆయనే, ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా ఇంట్లో ఉందిగా అని అడిగాడు. అమెరికాలో ఏ తెలుగింట్లో ఉండదు అది! బోర్డుకి తాడు కట్టి తూచారు. మూడు కిలోల నాలుగువందల పది గ్రాములు. షెడ్డులో ఫ్యాను పెట్టి వదిలేశారు. రోజూ సాయంత్రం మనవరాలు తూకం చూసి గోడమీద పెన్సిలుతో రాయాలి. మూడు ముప్ఫైతొమ్మిది. మూడు ముప్ఫైఏడు. పదకొండు రోజులకి తూకం మూడు ముప్ఫైరెండు దగ్గర ఆగింది. వరసగా మూడు రోజులు అదే అంకె వచ్చాకే ఆయన సరేనన్నాడు. తొంభై గ్రాముల నీళ్లు! చిన్న టీ కప్పుడు. అంత నీటిని మోసుకుంటూ అతనెన్నాళ్లు తిరిగాడో.

ఎపాక్సీ కలిపే రోజు తండ్రి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ముక్కు ఎగబీల్చి, ‘‘ఇది ఆ వాసన కాదే’’ అన్నాడు.

‘‘ఏ వాసన?’’

‘‘ఫైబరు పడవలది.’’

నిజమే. పడవలకి ఎక్కువగా వాడేది పాలిస్టరు రెజిన్. దాని ఘాటు ఊరి పొలిమేరకే తెలుస్తుంది. ఎపాక్సీకి అంత ఉండదు. ఆ తేడా చెబుతూ చెబుతూ కొడుకు ఒక గ్లాసు నిండా కలిపేశాడు. రెజిన్, గట్టిపరిచే ద్రవం, చిక్కదనానికి గాజునార పొడి. మొదటి నాలుగు చిల్లులు నింపేసరికి గ్లాసు చేతిలో కాలింది. చూస్తుండగానే పొగ! ఎక్కువ మోతాదులో ఒక్కచోట ఉంటే ఎపాక్సీ తన వేడికి తనే ఉడికిపోతుంది. ప్లాస్టిక్ గ్లాసు వంకర్లు తిరిగిపోయింది. దాన్ని వాకిట్లో సిమెంటు మీదికి విసిరేసి ఇద్దరూ కాసేపు చూస్తూ నిలబడ్డారు. ‘‘కొంచెం కొంచెం కలుపుకోవాలి’’ అన్నాడు తండ్రి. అది గుగ్గిలానికీ వర్తిస్తుందట.

రెండోసారి కొద్దిగా కలిపి, మిగతా చిల్లులు నింపి, అడుగున టేపు అంటించి, అది గట్టిపడేదాకా అక్కడే కూర్చున్నారు. అప్పుడు చెప్పాడాయన, ఎవరూ అడక్కుండానే.

సునామీ వచ్చిన మర్నాటి ఏడు, అంటే 2005లో, తీరమంతా సాయంగా ఫైబరు పడవలొచ్చాయి. తేలిక, త్వరగా తయారు, ఏటేటా గుగ్గిలం పెట్టక్కర్లేదు. మత్స్యకారుల్ని తప్పుపట్టడానికేం లేదు, ఎవరైనా అవే కోరుకుంటారు. అంతకుముందే పల్చబడుతున్న కర్రపని ఆ దెబ్బకి కుదేలైంది. అప్పుడొక ఫైబరు పడవల షెడ్డువాళ్లు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చారు.

‘‘ఫైబరు పడవకి అచ్చు కావాలి గదా. అచ్చు తియ్యాలంటే ముందు కర్రతో ఓ పడవుండాలి. అది చేసిపెట్టమన్నారు. నలభై రోజులు చేశాను. గాజులా ఉండాలన్నారు. అలాగే చేశాను. దాని మీద మైనం రాసి, ఫైబరేసి అచ్చు తీసుకున్నారు. ఇంక ఆ అచ్చులోంచి పడవలు వస్తానే ఉన్నాయి. మనల్ని మళ్లీ పిలవలేదు.’’

‘‘మరి నువ్వు చేసిన పడవ?’’

‘‘అచ్చు ఊడదీసేటప్పుడు ముక్కలైంది. పొయ్యిలోకి పట్టుకెళ్లారు.’’

ఆ ఏడు కొడుకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన కొత్తలో ఉన్నాడు. ‘పని ఎలా ఉంది నాన్నా’ అని ఫోన్లో అడిగితే ‘బానే ఉంది’ అనేవాడాయన. ఆ ‘బానే ఉంది’ మూడేళ్లు నడిచింది. కొడుకు డబ్బు పంపడం మొదలుపెట్టాక, నడుం నొప్పని చెప్పి పని మానేశానన్నాడు. నడుం నొప్పి నిజంగానే ఉందేమోనని ఇతను రెండుసార్లు స్కానింగ్ కూడా చేయించాడు.

షెడ్డులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు.

‘‘నీ మెళ్లో వేసుకునే బిళ్ల ఏది?’’ అన్నాడు తండ్రి.

‘‘ఏ బిళ్ల?’’

‘‘కిందటిసారి వచ్చినప్పుడు గుమ్మం పక్కన మేక్కి వేలాడేది. ఇప్పుడు అక్కడ కుక్కతాడుంది.’’

జనవరిలో తీసేశారని కొడుకు చెప్పాడు. ఎన్ని చోట్ల అడిగాడో, ఎన్ని ఇంటర్వ్యూలు చివరిదాకా వెళ్లి ఆగాయో అదీ చెప్పాడు. తండ్రి ఓదార్చలేదు. ఇల్లు గడవడానికి ఎంత అవుతుంది, కోడలి జీతం ఎంత, ఇంటి అప్పు నెలకెంత, ఒక్కోటీ అడిగి తెలుసుకున్నాడు. కొక్కేనికి తగిలించి తూచినట్టే. చివర్లో, ‘‘రేపట్నుంచి ఆ తలుపేసుకోమాక. పిల్ల భయపడతంది’’ అన్నాడు. అప్పటికి రాత్రి పదకొండు. కోడలు వచ్చి, ‘‘మావయ్యగారూ, పొద్దుపోయింది, ఇక పడుకోండి’’ అనేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

మర్నాడు ఎపాక్సీ రాయిలా బిగిసింది. పైన జిడ్డుగా తేలిన పొరను నీళ్లతో కడిగి, గరుకు కాగితంతో చదును చేశారు. పాత గుంతలు ఎనిమిదీ నింపాక, కొత్త ఎనిమిదీ ముందు పన్నెండు మిల్లీమీటర్లకి తొలిచి, వాటినీ నింపి, మళ్లీ ఓ రోజు ఆగారు. ఆ తర్వాత ప్రతి ఎపాక్సీ దిమ్మ నడుమా ఆరున్నర మిల్లీమీటర్ల చిల్లు. ఇక స్క్రూకీ కర్రకీ మధ్య చుట్టూ రాయిలాంటి గోడ. నీరు స్క్రూ పక్కనుంచి దిగినా కర్రను చేరలేదు. కిందివైపు పొర పెచ్చులు లేవకుండా చెక్కముక్క ఒత్తుపెట్టి తొలవడం తండ్రి పట్టుదల. స్క్రూ పొడుగు కూడా చూసుకోవాలి. ఎక్కువైతే ఫిన్ అడుగుకి తగిలి పగలగొడుతుంది, తక్కువైతే రెండు మరలు మాత్రమే పట్టి ఊడి వస్తుంది. రెండురకాల ఫిన్స్‌కి రెండు కొలతల స్క్రూలు, వేర్వేరు డబ్బాల్లో. వాడని చిల్లుల్లోకి పొట్టి స్క్రూలు వేసి కాస్త సిలికాన్ పూశారు.

ఒక్క చిల్లు మాత్రం తేడా వచ్చింది. కుడివైపు వెనకది. డ్రిల్ పట్టుకున్నది కొడుకే. అర మిల్లీమీటరు పక్కకి పోయింది. ఫిన్ కూర్చుంది, కాకపోతే స్క్రూ కొంచెం బలవంతంగా దిగింది. పూడ్చి మళ్లీ తొలుద్దామన్నాడు కొడుకు. తండ్రి చాలాసేపు చూసి, ‘‘ఉండనీ. అది ఏ రోజు వదులవుద్దో చూద్దాం’’ అన్నాడు.

ఆగస్టు చివర్లో ఓ శనివారం ఆటు వేళ చూసుకుని మరీ వెళ్లారు. చీలమండ లోతు నీళ్లు, దూరంగా శాన్‌ఫ్రాన్సిస్కో మేడలు, పొగమంచు. పక్కన ఒకతను హైడ్రోఫాయిల్ బోర్డు పట్టుకుని నీళ్లు లోతయ్యేదాకా బురదలో నడుస్తూ పోతున్నాడు. దాని కింద మీటరు స్తంభం, ఈ నీళ్లలో అది దిగదు. మరుసటేడు పారిస్ ఒలింపిక్స్‌లో మార్సేయ్ తీరాన కైట్ పోటీలు మొదటిసారి జరిగింది ఆ రకం బోర్డులతోనే. కాలం అటు పోతోంది. ఇతను మాత్రం మూడు సెంటీమీటర్ల ఫిన్స్‌తో, అతన్ని దాటుకుని ఒడ్డువారనే వెళ్లిపోయాడు.

పలక మునుపటికన్నా జారుతోంది. మొదటి రెండు మలుపుల్లో కాలు పట్టు తప్పింది. పొట్టి ఫిన్స్‌తో గాలికెదురు వెళ్లడం కష్టమే, ప్రతిసారీ కాస్త దిగువకి వచ్చేస్తున్నాడు. అంచు ఇంకా గట్టిగా నొక్కాల్సి వచ్చింది. గంటన్నరలో ఒకసారి నేల తగిలింది. చర్రున గీసుకుని వదిలేసింది. పడలేదు.

ఒడ్డుకి వచ్చేసరికి మనవరాలు చప్పట్లు కొడుతోంది. తండ్రి బోర్డు తీసుకుని తిరగేసి, మఫ్లరు కొసతో నీళ్లు తుడిచాడు. కుడివైపు వెనక ఫిన్ దగ్గర వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గరికి పెట్టాడు. మళ్లీ కొట్టాడు.

‘‘ఎలా ఉంది నాన్నా?’’

‘‘ఉండరా, గాల్లో వినపళ్లేదు. కారులో చూద్దాం.’’

అక్టోబరులో ఆయన ఊరికి వెళ్లిపోయాడు. కొడుక్కి మళ్లీ ఉద్యోగం దొరికింది ఆ తర్వాత రెండు నెలలకి, పాతదానికన్నా చిన్న జీతానికి. షెడ్డు గోడమీద పెన్సిలు అంకెలు అలాగే ఉన్నాయి. ఇప్పటికీ ఆదివారం ఫోన్ చేస్తే, తండ్రి ముందు మనవరాలి గురించి, తర్వాత కుడివైపు వెనక స్క్రూ గురించి అడుగుతాడు.